మా అల్లుడి తుప్పు బండి

ఇంజను లేని బండికి నాలుగు కొత్త టైర్లు కొన్నవాణ్ణి నా డెబ్బై ఎనిమిదేళ్ళ జీవితంలో ఒక్కణ్ణే చూశాను. అతను మా అల్లుడు దేవకుమార్. టెక్సస్‌లో, డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటాం మేము. మేమంటే దేవకుమార్, అతని కూతురు ఫెబీ, నేను. ఇదివరకు నలుగురం. నా పెద్దకూతురు లూసీ పోయాక ముగ్గురం మిగిలాం.

దేవకుమార్ పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. తండ్రి లారీలకు బాడీలు కట్టే మేస్త్రీ. పదేళ్ళ వయసుకే వెల్డింగ్ మెరుపులు చూసి కళ్ళు మండుతుంటే బంగాళాదుంప చక్రాలు కళ్ళ మీద పెట్టుకుని పడుకునేవాడట. అక్కడి నుంచి పాలిటెక్నిక్, తర్వాత కంప్యూటర్ చదువు, హైదరాబాదు, అమెరికా. గోళ్ళ కింద గ్రీజు లేని మనిషి కావడానికి అతనికి పదిహేనేళ్ళు పట్టింది. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కూడా చేతులు ఒళ్ళో దాచుకునే కూర్చున్నాడు.

నేను కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి. స్పెల్లింగులు తప్పినప్పుడల్లా మదర్ సుపీరియర్ నా ఎడమ చెవి ఎంతగా మెలిపెట్టిందంటే, ఇప్పటికీ అది కుడిచెవి కన్నా అరంగుళం పొడుగు. వాన వచ్చే ముందు దానంతటదే వణుకుతుంది కూడా. ఆ చదువు గర్వంతో అల్లుడు కాబోయేవాణ్ణి ఒక ఇంగ్లీషు ప్రశ్న అడిగాను. అతను నా ముఖంలోకి చూసి, "నాకు అర్థం కాలేదండీ" అన్నాడు. తలుపు వెనక లూసీ నవ్వింది. వాళ్ళు వెళ్ళాక, "ఈయన్నే చేసుకుంటాను నాన్నా. తెలియంది తెలియదని చెప్పేవాడు మనింట్లో ఒక్కడైనా ఉండాలి" అంది. ఆ మాట నాకు తగలాలనే అంది.

తగలదా మరి. మా ఇంట్లో 'తాత కథ' అంటే అబద్ధమని అర్థం. ఫెబీ రెండో తరగతిలో ఉన్నప్పుడు, మా కాన్వెంటు హాస్టల్లో మేమొక పులిపిల్లను పెంచామనీ, అది శుక్రవారాలు మాంసం ముట్టేది కాదనీ చెప్పాను. పాపం అది నమ్మి క్లాసులో అందరి ముందూ చెప్పింది. టీచర్ ఇంటికి ఫోన్ చేసింది. ఆ రోజు నుంచి నేనేం చెప్పినా ఫెబీ ముందు వాళ్ళ నాన్న వైపు తిరిగి, "డాడీ, ట్రూనా, తాత కథా?" అని అడిగేది. దేవకుమార్ ఏది చెబితే అదే ఖాయం.

రెండేళ్ళ కిందటి ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మంచుజల్లు మొదలైంది. ఫెబీ స్కూల్ ప్రాజెక్టు కోసం ఫ్రెండ్ ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల తల్లి ఆ రాత్రికి అక్కడే ఉండిపొమ్మంది. ఫెబీకేమో ఫ్రెండ్‌తో ఏదో చిన్న గొడవ. "మమ్మీ, నేను ఉండను, వచ్చి తీసుకెళ్ళు" అని నాలుగుసార్లు ఫోన్ చేసింది. దేవకుమార్ ఆఫీసులో ఉన్నాడు. లూసీ వెళ్ళింది. ఒక బ్రిడ్జి మీద ఆమె కారు జారింది. అంతకుమించి రాయడానికి నాకు చెయ్యి రాదు.

తర్వాత ఇల్లు ఎలా ఉండేదంటే, తండ్రీ కూతురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు.

"తాతా, రేపు నాకు ఎర్లీ క్లాస్ ఉందని డాడీకి చెప్పు."

"మామయ్య గారూ, నేను డ్రాప్ చేస్తానని చెప్పండి."

"విన్నావుగా తల్లీ, నీకు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు."

"ఓకే అని చెప్పు తాతా."

పోట్లాట కాదు. పోట్లాడుకున్నా బాగుండేది. ఒకరి ముఖం చూస్తే ఒకరికి లూసీ గుర్తొస్తుంది, అందుకని చూసుకోరు. ఇంకో ఏడాదిన్నరలో ఫెబీ కాలేజీకి వెళ్ళిపోతుంది. ఆలోగా వీళ్ళ మధ్య మాట పుట్టకపోతే ఇక పుట్టదని నాకు భయం పట్టుకుంది.

మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చిని అద్దెకు తీసుకుంటాం. ఆ చర్చి వెనక గడ్డిలో ఒక పాత పికప్ ట్రక్కు పడి ఉండేది. యాభైరెండో సంవత్సరం మోడల్. ఇంజను ఉండాల్సిన చోట నా తొడంత లావు చెట్టు మొలిచి, బానెట్‌ను పైకెత్తి నిలబెట్టింది. పెట్రోలు బదులు ఎవరైనా నీళ్ళు పోస్తే చాలు, బయల్దేరిపోయేలా ఉండేది. లోపల కందిరీగలు గూడు కట్టాయి. మా క్వాయర్ పాడేటప్పుడు అవి రెండో గొంతు అందుకునేవని నేనంటే ఎవరూ నమ్మలేదు.

ఆ అక్టోబరులో చర్చి మనిషి డ్వేన్ ఆ ట్రక్కు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టడం ఫెబీ చూసింది. డెబ్బై దాటిన టెక్సస్ పెద్దమనిషి అతను, చర్చి తోట చూసుకుంటాడు. ట్రక్కు వాళ్ళ బాబాయిదట. పార్కింగ్ పెంచుతున్నారు కనక శనివారం వచ్చి దాన్ని తుక్కు కింద నలిపేస్తారని చెప్పాడు. బిర్యానీ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ మా దగ్గరికి ఫెబీ పరుగెత్తుకొచ్చింది.

"డాడీ, దాన్ని క్రష్ చేసేస్తారట!"

నాకు కాదు, నేరుగా తండ్రికే చెప్పింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి. నేను నోట్లో ముద్ద మింగడం మరిచిపోయాను.

దేవకుమార్ ప్లేటు నా చేతికిచ్చాడు. కోటు విప్పాడు. తెల్ల చొక్కాతో ఆ గడ్డిలో వెల్లకిలా పడుకుని, వీపుతో పాక్కుంటూ ట్రక్కు కిందికి వెళ్ళాడు. సంఘమంతా చూస్తోంది. లోపల్నుంచి తాళాల గుత్తితో టంగు టంగుమని కొట్టిన చప్పుడు వినిపించింది.

"చాసీ బతికే ఉంది, చట్రం గట్టిదే" అన్నాడు కింద నుంచే. "ఫెబీ, నువ్వు కూడా కొట్టి చూడు. చెవితో చూడాలి. మోగితే ఇనుము, మూలిగితే తుప్పు."

ఫెబీ ఆదివారపు గౌనుతోనే కిందికి దూరింది. రెండు జతల కాళ్ళు మాత్రం బయట కనిపించాయి. వాళ్ళకు ట్రక్కు కింద చోటు దొరికింది, ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేని చోటు.

డ్వేన్ కాగితం మీద సంతకం పెట్టి బండి మాకిచ్చేశాడు. ఆ శనివారానికల్లా ఇంజను చోట మొలిచిన చెట్టు కోసేశారు. చక్రాలు మాత్రం నేలలోకి దిగబడిపోయి ఉన్నాయి. మెత్తటి మట్టిలో జాకీ నిలవలేదు. దేవకుమార్ తండ్రి షెడ్డు పద్ధతిలో ఇటుకల మీద పొడవాటి దుంగ వేసి మీట కట్టాడు. తాడు పట్టుకుని సంఘం మగవాళ్ళు ఇరవై మంది నిలబడ్డారు. అందరూ కీబోర్డు తప్ప బరువు ఎరగని చేతులవాళ్ళే. పాస్టర్ అయ్యగారు కూడా చొక్కా చేతులు పైకి మడిచారు. మాది మచిలీపట్నం, పడవవాళ్ళ పాట నాకు వచ్చు కనక "హైలెస్సా" అని నేనందుకున్నాను. మూడో హైలెస్సాకి ట్రక్కు మూలుగుతూ పైకి లేచింది. కిందనుంచి పాము ఒకటి బయటికి వచ్చి, మర్యాదగా అయ్యగారి వైపు తలూపి వెళ్ళింది. పాము నిజమే. తలూపిన సంగతి నా పూచీ.

ఇంటికి తెచ్చాక అతను చేసిన మొదటి పని ఆ నాలుగు టైర్లు కొనడం. ఇంజను లేదు, తలుపు ఒకటి ఊడింది, సీటులో ఎలుకలు కాపురం చేసి వెళ్ళాయి. "ముందు టైర్లేంటయ్యా అల్లుడూ? చెప్పుల కోసం కాళ్ళు కొనే రకంలా ఉన్నావు" అని ఎగతాళి చేశాను. నవ్వలేదు. కొత్త టైరు గాడుల్లో వేలు పెట్టి లోతు చూసుకున్నాడు.

ఫెబీ వీడియోలు చూసి, దాన్ని ర్యాట్ రాడ్ చేద్దామంది. నాకు వివరించింది కూడా. "పాత బాడీ కట్ చేసి, హైట్ తగ్గిస్తారు తాతా. పెయింట్ వెయ్యరు. రస్ట్ అలానే ఉంచుతారు. అదే బ్యూటీ."

"మరి మీ నాన్నని గ్రీజు పోయేదాకా తోమి పెళ్ళి చేసుకుంది కదే మీ అమ్మ!"

ఫెబీ నవ్వింది. నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడ్డట్టు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చలికాలమంతా శనివారాలు గరాజ్ తలుపు ఎత్తి ఉండేది. నేను మడత కుర్చీ వేసుకుని గుమ్మం దగ్గర కూర్చునేవాణ్ణి. పెచ్చులు లేచిన పైతుప్పుని ఇనుప బ్రష్‌తో గీకాలి, లోపలి గట్టి తుప్పుకి అవిసె నూనె పూసి నిలపాలి. ఎడమ వైపు ఫెబీ, కుడి వైపు దేవకుమార్, మధ్యలో బండి. "ఎడమ తుప్పు నీది, కుడి తుప్పు నాది. నా దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను" అనేవాడు. ఆటోనగర్ తెలుగంతా ఆ పిల్ల నోటికెక్కింది. రెంచిని పానా అనేది. బోల్టు బిగుసుకుంటే, "డాడీ, ఇది మొండిది" అనేది. నా ద్వారా మాట్లాడటం మానేశారు. నిరుద్యోగినైపోయినందుకు నేను లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఫెబీ తెలుగుకి అమెరికా నాలుక. అక్షరానికి లేని కొమ్ము దానంతటదే వచ్చి చేరుతుంది. ఒకరోజు కమలాపళ్ళు తెచ్చి, "తాతా, పుళ్ళు తింటావా?" అంది.

"నాకు పుళ్ళు లేవు తల్లీ. షుగర్ కంట్రోల్లోనే ఉంది."

"ఉన్నాయి కదా, చూడు, ఇవే పుళ్ళు!"

దేవకుమార్ బానెట్ వెనక నుంచి పడీ పడీ నవ్వాడు. లూసీ పోయాక అతను నవ్వగా విన్నది అదే మొదలు.

ఫిబ్రవరి మళ్ళీ వచ్చింది. సంవత్సరం నిండిన రోజున ఉదయం ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. అందరూ వెళ్ళాక మధ్యాహ్నం తండ్రీ కూతురూ ఏమీ మాట్లాడుకోకుండానే బట్టలు మార్చుకుని గరాజ్‌లోకి వెళ్ళారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఫెబీ ఎడమ తలుపు గీకుతోంది. ఒకే చోట, ఆగకుండా, ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకింది. తర్వాత బ్రష్ ఆపి, బండికి అవతల ఉన్న తండ్రికి వినపడేలా అంది.

"డాడీ, ఇదంతా నా తుప్పు."

దేవకుమార్ చెయ్యి ఆగింది. తల ఎత్తకుండానే అన్నాడు. "అది ఎంత గీకినా పోదమ్మా. దాంతోనే ఉండాలి."

ఫెబీ బ్రష్ కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. లోపలికి వెళ్ళింది. తలుపు పాడు చేసుకున్నందుకు బాధపడిందనుకుని నేను కమలాపండు ఒలుచుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాతి శనివారం దానికి హోంవర్క్ ఉంది. ఆ పై శనివారం టెస్ట్ ఉంది. మళ్ళీ నా ద్వారా మాటలు మొదలయ్యాయి. ఆగస్టులో ఇల్లినాయ్‌లో కాలేజీకి వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో నన్ను వాటేసుకుని ఏడ్చింది. తండ్రికి, "సీ యూ డాడీ" అంది.

ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసేది. నవంబరులో ఒకసారి, థాంక్స్‌గివింగ్ సెలవులకు ఇంటికి రాననీ, షామ్‌బర్గ్‌లో పిన్ని దగ్గరికి వెళ్తాననీ చెప్పింది. పిన్ని అంటే నా రెండో కూతురు రేణు.

"మీ నాన్న ఎదురు చూస్తున్నాడే తల్లీ."

"లేదు తాతా. హి డజన్ట్ వాంట్ మీ దేర్. నీకు తెలుసు. నువ్వు అక్కడే కూర్చున్నావు."

"ఎక్కడ?"

"గరాజ్‌లో. మమ్మీ యానివర్సరీ రోజు. నేను చెప్పాను కదా, ఇదంతా నా తుప్పు అని. నేను ఫోన్ చేయకపోతే మమ్మీ వచ్చేది కాదు. ఆయన ఏమన్నారు? ఎంత గీకినా పోదు అన్నారు. దాంతోనే ఉండాలి అన్నారు. కరెక్టే అన్నారు. బట్ స్టిల్."

నాకు ఒక్కసారిగా వెలిగింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఓసి పిచ్చితల్లీ! నువ్వు చెప్పాలనుకున్నది తప్పు. చెప్పింది తుప్పు! తకి కొమ్మిచ్చావు. మీ నాన్న బండి తుప్పు గురించి అనుకున్నాడే!"

"వాట్? తుప్పు, తుప్పు. సేమ్ కదా?"

"సేమ్ కాదు. తప్పు వేరు, తుప్పు వేరు. తుప్పంటే రస్ట్."

ఫెబీ చాలా మర్యాదగా అంది. "తాతా, ఐ నో వై యూ ఆర్ డూయింగ్ దిస్. కానీ ఇది తాత కథ. ప్లీజ్, ఇంక వద్దు."

పులిపిల్ల నన్ను ఆ రోజు కరిచింది. జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క పనికొచ్చే నిజాన్ని నా మనవరాలు నమ్మలేదు. అయినా నాకు దిగులు లేదు. దేవకుమార్ చెబితే నమ్ముతుంది. అతను ఏది చెబితే అదే ఖాయం కదా. నేరుగా గరాజ్‌లోకి వెళ్ళి, సంతోషంతో ఆయాసపడుతూ జరిగిందంతా చెప్పాను.

"ఒక్క కొమ్మయ్యా! ఒక్క కొమ్ము కోసం పిల్ల తొమ్మిది నెలలు ఏడ్చింది. ఫోన్ చెయ్యి. తుప్పు అనుకున్నానని చెప్పు."

దేవకుమార్ చేతిలో పానా అలాగే ఉంది. నా వైపు చూడలేదు.

"నాకు తెలుసు మామయ్య గారూ."

"ఏం తెలుసు?"

"అది తప్పు అనే అందని. మూడేళ్ళ పిల్లప్పట్నుంచీ తప్పుని తుప్పే అంటుంది. లూసీ ఇంట్లో సారీ ఒప్పుకునేది కాదు. తెలుగులో నా తప్పు అని చెప్పాల్సిందే. పాలు ఒలకబోసినా, గోడ మీద రాసినా, నా తుప్పు మమ్మీ అనేది. మేమిద్దరం లోపలికెళ్ళి నవ్వుకునేవాళ్ళం. మీరు వచ్చేసరికి అది పెద్దదైంది, మీకు తెలియదు. నాకెందుకు తెలియదు?"

"తెలిసే ఆ మాటన్నావా?"

అతను కింద ఉన్న పెట్టె మీద కూర్చున్నాడు.

"లూసీ కారు టైర్లు అరిగిపోయాయి. డిసెంబర్లోనే చూశాను. నేను ఎక్కడ పుట్టానో మీకు తెలుసు. చెయ్యి ఆనిస్తే చాలు, టైరు ఎంత తిరిగిందో చెప్పేవాణ్ణి. మార్చమని తను మూడుసార్లు అడిగింది. ఆఫీసులో రిలీజ్ ఉంది, వచ్చే శనివారం అన్నాను. ఆ శనివారం రాకముందే..." ఆగాడు. "అందరూ ఐస్ అన్నారు. పోలీసులూ ఐస్ అన్నారు. నేనూ ఐస్ అని ఊరుకున్నాను. ఏడాది మోశాను. ఆ రోజు ఫెబీ తన తప్పు అనగానే ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది మామయ్య గారూ. ఎవరో ఒకరు తీసుకున్నారు కదా అని. పోదమ్మా అన్నది నా తప్పు గురించే. కానీ తన గురించి అనుకుంటుందని తెలుసు. చేతులు కడుక్కుని లోపలికి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. పిలవలేదు."

ఇంజను లేని బండికి టైర్లెందుకో అప్పుడు అర్థమైంది.

అతను నా అల్లుడు, కానీ నేను లూసీకి తండ్రిని. ఆ సాయంత్రం నుంచి రెండు రోజులు అతని ముఖం చూడలేకపోయాను. భోజనం గదిలోకే తెప్పించుకున్నాను. తెచ్చిపెట్టేదీ అతనే. ప్లేటు తలుపు దగ్గర పెట్టి, "మామయ్య గారూ, మాత్ర వేసుకోండి" అని వెళ్ళిపోయేవాడు. మూడోరోజు తలుపు తెరిచాను. అతణ్ణి క్షమించానని కాదు. అక్కడ ఇల్లినాయ్‌లో పద్దెనిమిదేళ్ళ పిల్ల తల్లిని చంపానని అనుకుంటూ నిద్ర లేస్తోంది. నా కోపానికి తొందర లేదు, దానికి ఉంది.

"టైర్ల సంగతి దానికెందుకు? ఉన్న ఒక్కడివీ దూరమైపోతావు" అన్నాను. "తుప్పు అనుకున్నానని చెప్పు, చాలు. పిల్లకు బరువు దిగుతుంది, నీకు పిల్ల మిగులుతుంది."

"అబద్ధం కదా."

"కొమ్మంత అబద్ధం. నేను చెబితే నమ్మదు, నువ్వు చెబితే నమ్ముతుంది. ఇన్నేళ్ళూ నిజాలు చెప్పి కూడబెట్టావు, ఒక్కసారి వాడుకో."

అతను ఒప్పుకున్నాడు. ఇద్దరం షామ్‌బర్గ్ వెళ్ళాం. విమానంలో నేను పాఠం చెప్పాను. "నేను తుప్పు అనుకున్నానమ్మా." సండే స్కూల్లో కంఠత వాక్యం వల్లించినట్టు అతను వల్లించాడు. మొదటిసారి చెప్పినప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. నాలుగోసారికి కాస్త నయం. అబద్ధం చెప్పడం కూడా రానివాడికి కూతుర్నిచ్చానని విసుక్కున్నాను.

రేణు ఇంట్లో ఫెబీ మమ్మల్ని చూసి బిత్తరపోయింది. సన్నబడింది. మర్నాడు రేణు కొత్తిమీర తెమ్మంటే, ఆ వంకన ముగ్గురం కారులో బయల్దేరాం. దేవకుమార్ నడుపుతున్నాడు, నేను పక్కన, ఫెబీ వెనక. ఇండియన్ షాపు ముందు కారాపి, ఇంజను ఆపకుండా, అద్దంలోంచి బయటికి చూస్తూ అతను మొదలుపెట్టాడు.

"ఫెబీ. ఆ రోజు గరాజ్‌లో నువ్వు అన్న మాట."

"డాడీ, ఇట్స్ ఓకే."

"నేను..." అన్నాడు. "నేను తప్పు అనే విన్నాను. నువ్వు ఏం చెప్తున్నావో నాకు తెలుసు."

వెనక సీట్లోంచి చిన్నగా వినిపించింది. "సో, తాత కథే."

"తాత తెలియక చెప్పారు. ఆయనకు నిజమే అనిపించింది." తర్వాత టైర్ల సంగతి చెప్పాడు. డిసెంబరూ, మూడుసార్లు అడగడమూ, వచ్చే శనివారమూ, ఏదీ వదల్లేదు. హాయిగా అనిపించిందన్న మాట కూడా చెప్పాడు. అది మాత్రం చెప్పొద్దని నేను అతని మోచేతిని నొక్కాను. ఆగలేదు. "నువ్వు ఫోన్ చేసింది మీ అమ్మని రమ్మని. ప్రతి పిల్లా చేస్తుంది. మంచి టైర్లుంటే వచ్చి తీసుకెళ్ళేదే. తప్పు నాది. నీ దగ్గర ఇన్నాళ్ళూ ఉంచాను, అది ఇంకో తప్పు."

"మమ్మీకి తెలుసా? టైర్స్ గురించి?"

"తెలుసు. నేను మారుస్తానని నమ్మింది."

"నేను నైన్ మంత్స్..." అంది ఫెబీ. "యూ జస్ట్ లెట్ మీ?"

"అవును."

తలుపు తీసుకుని దిగింది. ఎటు వెళ్తుందోనని నేను తల బయటపెట్టాను. షాపులోకి వెళ్ళింది. పది నిమిషాల తర్వాత రెండు కట్టల కొత్తిమీరతో వచ్చి వెనక కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పిన్ని వెయిట్ చేస్తుంది. పోనియ్" అంది. మేం తిరిగి వచ్చేదాకా తండ్రితో ఇంకో మాట మాట్లాడలేదు.

విమానంలో నేను గొణుగుతూనే ఉన్నాను. ఒక్క వాక్యం నేర్పించాను, అదీ తప్పావు అన్నాను. దేవకుమార్ చాలాసేపు విని, "ఇప్పుడు నా మీద కోపంగా ఉంది మామయ్య గారూ" అన్నాడు. "తన మీద లేదు." ఇక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే నేను దుప్పటి కప్పాను, చలి అనుకుంటారని.

ఇప్పుడు ఏప్రిల్. ఫెబీ క్రిస్మస్‌కి రాలేదు. నిద్ర బాగా పడుతోందనీ, మళ్ళీ తింటోందనీ రేణు చెప్పింది. బండికి ఇంజను బిగించాడు గాని దేవకుమార్ ఇంతవరకూ తాళం తిప్పలేదు. ఎడమ వైపు ముట్టుకోలేదు.

ఆదివారాలు మాత్రం నాకు ఫోన్ వస్తుంది. నా షుగర్ అడుగుతుంది, అయ్యగారి ప్రసంగం ఎంత పొడుగో అడుగుతుంది, తండ్రిని అడగదు. నేను వంటింటి బల్ల మీద ఫోన్ స్పీకర్లో పెడతాను. దేవకుమార్ సింకు దగ్గర గిన్నెలు తోముతుంటాడు. ఆమె గొంతు రాగానే పంపు కట్టేసి, చేతిలో గిన్నె పట్టుకుని, ఫోన్ పెట్టేసేదాకా అలాగే నిలబడతాడు.

మొన్నటి ఆదివారం మాట మధ్యలో ఫెబీ ఆగింది.

"తాతా, వాటర్ సౌండ్ ఎందుకు ఆగిపోయింది?"

నా నాలుక మీదికి ఒకేసారి మూడు కథలు వచ్చాయి. మింగేశాను.

"మీ నాన్న పంపు కట్టాడమ్మా. నీ మాట వినపడాలని."

దేవకుమార్ మోచేతుల నుంచి సబ్బునీళ్ళు నేల మీద పడుతున్నాయి. ఫోను తెర మీద సెకన్లు కదులుతూనే ఉన్నాయి. ఆమె మాట్లాడలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు.